పదకొండు వేల గంటల సాక్షి

తొమ్మిదీ ఇరవైకి ఒతీలియా సర్మియెంతో ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సుల షెడ్డులో అడుగుపెట్టేసరికే కమాండర్ కిరోగా తన నాటకం మొదలుపెట్టేశాడు.

ఇనుప జాలీ లోపల, నిన్న శవం పడి ఉన్న చోటే, ఫెర్మిన్ ఒల్వేరాని నిలబెట్టారు. కుడి చేతికి సంకెల వేసి రెండో కొసని జాలీ కమ్మీకి తగిలించారు. అతని నెత్తికి రెండు మీటర్ల పైన నాలుగు వందల కిలోల ఇనుప చెయ్యి ఆగి ఉంది. వాషింగ్ మెషీన్ రేకుల్ని ఒక ప్రెస్సులోంచి తీసి ఇంకో ప్రెస్సులో పెట్టే చెయ్యి అది. నిన్న మంగళవారం పొద్దున ఆరూ పదమూడుకి అదే కిందపడి ఎవరీస్తో లూగో అనే ఆపరేటర్ని చంపింది.

పోలీసుల లెక్క చాలా సులువు. యంత్రం ఫాల్ట్ చూపించి ఆగిపోయింది. ఏమైందో చూద్దామని ఎవరీస్తో లోపలికి వెళ్ళాడు. ఎలక్ట్రీషియన్ ఫెర్మిన్ లోపల మనిషి ఉన్నాడో లేడో చూడకుండా ప్యానెల్ దగ్గర రీసెట్ మీట నొక్కాడు. చెయ్యి పడింది. అంతే కథ. ఇవాళ పన్నెండింటికి ఫెర్మిన్‌ని జడ్జి ముందు నిలబెడతారు. ఆ తర్వాత అతను ఇంటి మొహం ఎప్పుడు చూస్తాడో ఎవరూ చెప్పలేరు.

ఒతీలియాని పిలిపించింది కార్మిక సంఘం వకీలు. ఇరవై రెండేళ్ళు సర్వో డ్రైవ్‌లు బాగుచేసిన మనిషి ఆమె. మోటారు ఎప్పుడు తిరగాలో, ఎంత బలంతో తిరగాలో చెప్పే పెట్టెలవి. సెలాయా ఊళ్ళో వాటి కడుపులో ఏముందో ఆమెకి తెలిసినంతగా ఇంకొకరికి తెలియదు. అయిదేళ్ళ కిందట ఆ పని మానేసి నేర పరిశోధనలోకి దిగినా, ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ ఆమెను మేస్త్రమ్మ అనే పిలుస్తారు.

“ఏంటి కమాండరు గారూ, మేకని కట్టినట్టు కట్టేశారు?”

కిరోగా మీసం దువ్వుకున్నాడు. “నేరం జరిగిన తీరు మళ్ళీ చూస్తున్నాం దోన్యా ఒతీలియా. చచ్చినవాడి చోట వీణ్ణి నిలబెడితే నిజం దానంతటదే బయటికొస్తుంది. మీ వకీలు తెచ్చిన కాగితం ప్రకారం పదకొండు దాకా చూసుకోండి. పదకొండుకి యంత్రం నడుస్తుంది. ఆ తర్వాత మీరూ మీ కాగితమూ బయటికి నడుస్తారు.”

“నా కాగితం సంగతి సరే. ఆ చెయ్యి కింద మనిషిని పెట్టొచ్చని ఎవరు చెప్పారు?”

“నేనే చెప్పాను,” అన్నాడు పక్కనున్న మెయింటెనెన్స్ ఇంజనీరు లెయొబార్దో, గొంతు సవరించుకుంటూ. “కరెంటు ఉంది మేడమ్. మోటారు పట్టుకునే ఉంది. నిన్న ఎనిమిదింటి నుంచి చెయ్యి ఒక్క అంగుళం కూడా కదల్లేదు.”

నిద్రలేక అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చొక్కా గుండీ ఒకటి తప్పు రంధ్రంలో పెట్టుకున్నాడు. ఒతీలియా అది గమనించింది. నేరుగా జాలీ దగ్గరికి వెళ్ళింది.

“ఫెర్మిన్, చెప్పు. ఏ టైముకి ఏం చేశావో, అబద్ధం లేకుండా.”

ఫెర్మిన్ తలెత్తాడు. “అయిదూ నలభైకి మొదటి డ్రైవ్ ఫాల్ట్ కొట్టింది మేస్త్రమ్మా. ఎఫ్ ఇరవై ఒకటి, బరువెక్కువైందని. పక్కకి కదిలే పట్టాలో రేకుముక్క ఇరుక్కుంది. తీసేశాను, మీట నొక్కి రీసెట్ చేశాను. ఆరింటికి షిఫ్టు మారింది. చేతులు కడుక్కుని, గేటు పక్కన ముసలావిడ దగ్గర తమాలే కొనుక్కుని తింటున్నాను. అప్పుడు వినబడింది.”

“ఏం వినబడింది?”

“చప్పుడు.” కళ్ళు దించుకున్నాడు. “అరుపు కూడా లేదు.”

“నువ్వు ఆ టైముకి గేటు దగ్గరున్నావని చూసినవాళ్ళు?”

“ఆ ముసలావిడ. ఆమె చేతికి గడియారం లేదు. ఆరున్నర అయ్యుంటుందని ఒకసారి అంటుంది, ఆరు కాలేదని ఒకసారి అంటుంది.”

వెనక నుంచి కిరోగా నవ్వాడు. “విన్నారుగా. ఇక నా సాక్షిని కూడా చూడండి.” ఫోన్ తీసి ఫొటో చూపించాడు. ఫ్యాక్టరీ రూలు ప్రకారం అందరి ఫోన్లూ గేటు దగ్గరే జమ అయ్యాయి, ఒక్క కమాండరు ఫోన్ తప్ప. “చెయ్యిని నడిపే డ్రైవ్ ఇది, వరసలో మూడోది. దాని జ్ఞాపకంలో ఆఖరి మాట చదవండి. ఎఫ్ ఇరవై ఒకటి. రీసెట్, మీటతో. మీట అంటే ప్యానెల్ మీద వేలు. ప్యానెల్ తాళం ఈ మహానుభావుడి దగ్గరే ఉంది.”

“టైమెంతని ఉంది అందులో?”

“నిన్న పొద్దున ఆరు ప్రాంతం.”

“ఆరు ప్రాంతమా, ఆరూ పదమూడా?”

కిరోగా ఇంజనీరు వైపు చూశాడు. లెయొబార్దో నసిగాడు. “ఈ రకం డ్రైవ్‌లకి గడియారం ఉండదు. కరెంటు మీద ఎన్ని గంటలు బతికాయో అదే లెక్కపెట్టుకుంటాయి. అదీ గంటల్లోనే, నిమిషాలు వాటికి పట్టవు.”

“మరి అయిదూ నలభైకి చేసిన రీసెట్టూ, ఆరూ పదమూడుకి చేసిన రీసెట్టూ దానికి ఒకటే కదా ఇంజనీరు గారూ?”

“కానీ అయిదూ నలభైది మొదటి డ్రైవ్! వాడే ఒప్పుకున్నాడు!” కిరోగా గొంతు పెంచాడు. “ఇది మూడోది. మీరు ఇరవై రెండేళ్ళు ఇవే విప్పారటగా, ఒకటీ మూడూ లెక్క రాదా?”

“వస్తుంది. అందుకే మీ ఫొటో మీద నాకు నమ్మకం రాదు.”

ప్యానెల్ జాలీకి అయిదడుగుల దూరంలో ఉంది. లోపల అచ్చు ఒకేలా ఉన్న మూడు డ్రైవ్‌లు పుస్తకాల్లా పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. మొదటిది పక్కకి కదలడానికి, రెండోది ముందుకీ వెనక్కీ, మూడోది చెయ్యి పైకీ కిందికీ. పై ఆఫీసులోని కంప్యూటరు నుంచి వచ్చే తీగ ముందు మొదటి డ్రైవ్‌లో దిగి, అక్కణ్ణుంచి రెండోదానికి, దాని నుంచి మూడోదానికి పోతుంది. ఒక్కోదానికీ అగ్గిపెట్టంత తెర, కింద నాలుగు మీటలు. తెర మీద ఒకసారికి ఒక్క వరుసే కనిపిస్తుంది.

ఒతీలియా మూడోదాని మీటలు నొక్కింది. ఫొటోలో ఉన్నదే కనిపించింది. ఆమె అక్కడ ఆగలేదు. ఇంకో నాలుగు నొక్కులు నొక్కి, ఎవరూ చూడని లోపలి అరలోకి వెళ్ళింది. నలభై ఎనిమిది వేల రెండు వందల పన్నెండు గంటలు.

ఆమె వేలు మీట మీదే ఉండిపోయింది.

“ఫెర్మిన్! ఈ చెయ్యి డ్రైవ్ ఎప్పుడు బిగించారు?”

జాలీ లోంచి జవాబు వెంటనే వచ్చింది. “కిందటి ఏడాది ముందు ఏడాది, అక్టోబర్ ఇరవై ఎనిమిది. పాతది కాలిపోతే నేనూ ఎవరీస్తో కలిసి కొత్తది పెట్టాం.”

“తారీఖు అంత బాగా ఎలా గుర్తుంది?”

“సెయింట్ జూడ్ తాదేయో పండగ గదమ్మా ఆ రోజు. దానికి తాదేయో అని పేరు పెట్టి, పైన రెండు చుక్కలు మెస్కాల్ సారా చల్లి బాప్తిస్మం ఇచ్చాం. ఎవరీస్తో పాదిరీలాగా ప్రార్థన కూడా చదివాడు. ఒక బిడ్డకి జ్ఞానతండ్రులం అయ్యాం కాబట్టి ఇక నువ్వు నాకు కంపాద్రె అన్నాడు. అప్పట్నుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు.” సంకెల లేని చేత్తో మొహం తుడుచుకున్నాడు. “పేరు డ్రైవ్ మీద రాద్దామంటే ఇంజనీరు గారు ఊరుకోలేదు, రూలు కాదని.”

కిరోగా లాంటి పోలీసుకి ఇదంతా పిచ్చి మాటల్లా వినిపించి ఉంటుంది. కొత్త డ్రైవ్ పెట్టినప్పుడు దానికి పండగ చెయ్యని మెయింటెనెన్స్ మనుషుల్ని ఈ చుట్టుపక్కల ఒతీలియా ఎక్కడా చూడలేదు. ఆమె కూడా తన కాలంలో ఓ డజను పెట్టెలకి జ్ఞానతల్లి.

“కమాండరు గారూ, అక్టోబరు నుంచి ఈ మార్చి దాకా పదహారు నెలలు. రాత్రీ పగలూ కరెంటు మీదే ఉన్నా పన్నెండు వేల గంటలు దాటవు. ఈ మూడోది నలభై ఎనిమిది వేల గంటలు బతికింది. అయిదున్నరేళ్ళు. పదహారు నెలల పిల్లాడికి అయిదున్నరేళ్ళు ఎలా వచ్చాయి?”

లెయొబార్దో చొక్కా చంకల దగ్గర తడిసింది.

ఒతీలియా మొదటి డ్రైవ్ తెర వెలిగించింది. పదకొండు వేల నాలుగు వందల అరవై ఒకటి.

“ఇదిగో మీ తాదేయో! మూడో చోటునుంచి మొదటి చోటుకొచ్చి కూర్చున్నాడు. ఎవరో ఈ రెండింటినీ మార్చేశారు.”

“అది మామూలేనండీ,” అన్నాడు లెయొబార్దో కంగారుగా. “ఫాల్ట్ వస్తే పక్కదానితో మార్చి చూస్తాం. జబ్బు డ్రైవ్‌తో పాటు పోతే డ్రైవ్ తప్పు, ఉన్నచోటే ఉంటే మోటారు తప్పు. అందరూ చేసేదే.”

“నేనూ వెయ్యిసార్లు చేశాను. వీటిని మార్చినవాడికీ అదే అలవాటు. సెట్టింగులు దీన్నుంచి దానికి కాపీ చేశారు, బాగానే ఉంది. కానీ వయసూ జ్ఞాపకమూ కాపీ కావు, పెట్టెతోనే పోతాయి. ఆ సంగతి మర్చిపోయారు. కమాండరు గారి ఫొటోలో ఉన్నది ఫెర్మిన్ అయిదూ నలభైకి చేసిన రీసెట్టే. అది చంపిన డ్రైవ్ కానే కాదు.” ఆమె జ్ఞాపకం వరుసలు తెరిచింది. “చంపినదాన్ని ఇప్పుడు చదువుదాం.”

మొదటి వరుస, అన్నిటికన్నా కొత్తది. ఎఫ్ నలభై మూడు. గంట పదకొండు వేల నాలుగు వందల ముప్పై అయిదు. రీసెట్, తీగ ద్వారా.

తీగ ద్వారా. అంటే మీట కాదు, ప్యానెల్ కాదు, ఫెర్మిన్ వేలు కాదు. పై ఆఫీసు కంప్యూటరు.

ఒతీలియా గుండెల మీంచి బండ దించినట్టయింది. కానీ ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. రెండో వరుస కూడా ఎఫ్ నలభై మూడే. మూడోదీ అంతే. తొమ్మిదో వరుస దాకా ఒకటే కోడు, మూడు వారాల్లో తొమ్మిదిసార్లు. ప్రతిసారీ తీగ ద్వారానే రీసెట్.

“ఎఫ్ నలభై మూడు అంటే?” అన్నాడు కిరోగా.

“బ్రేకు పట్టినా మోటారు జారిందని. బ్రేకు అరిగిపోయింది కమాండరు గారూ. పోయి మూడు వారాలైంది, ఇది అరుస్తూనే ఉంది. పైన ఎవరో నోరు నొక్కుతూనే ఉన్నారు.” ఆమె గడియారం చూసుకుంది. తొమ్మిదీ యాభై. “ఇంకో లెక్క చూడండి. ఆరూ పదమూడు నుంచి ఇప్పటికి ఇరవై ఏడున్నర గంటలు దాటింది. డ్రైవ్ ఇరవై ఆరు గంటలే బతికానంటోంది, నిమిషాలు లెక్కపెట్టదు కాబట్టి మహా అయితే ఇరవై ఏడు. అంటే మధ్యలో కనీసం అరగంటకు పైగా దీనికి కరెంటు లేదు. మార్చింది అప్పుడే. నిన్న మీరు ఎన్నింటికొచ్చారు?”

“ఆరూ యాభై.”

“ఫెర్మిన్‌ని జీపెక్కించింది?”

“...ఏడు.”

“ప్యానెల్‌కి సీలు?”

“ఎనిమిది.”

“శవం తీసేదాకా ఇక్కడ జనం మూగి ఉన్నారు. ఏడూ ఇరవైకి తీశారు. మిగిలింది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ ఫెర్మిన్ మీ జీపులో ఉన్నాడు, షెడ్డు మీ చేతిలో ఉంది. మీ ముక్కు కింద మార్చారండీ!”

కిరోగా మొహం నల్లబడింది. “నోరు అదుపులో పెట్టుకోండి,” అన్నాడు, జేబులోని ఫోన్ మీద చెయ్యి వేసి.

అప్పుడే తెర ఒక్కసారి మినుక్కుమంది.

ఒతీలియా కిందికి చూసింది. మొదటి వరుసలో ఎఫ్ నలభై మూడు లేదు. ఎఫ్ తొంభై ఉంది. బయటి నుంచి ఆపమన్నారని దాని అర్థం. గంట పదకొండు వేల నాలుగు వందల అరవై ఒకటి. అంటే ఇప్పుడే. ఆరు సెకన్లు గడిచాయి. రీసెట్ అయింది. మళ్ళీ ఎఫ్ తొంభై.

ఈ పెట్టె జ్ఞాపకంలో పది వరుసలే పడతాయి. కొత్తది వచ్చిన ప్రతిసారీ అడుగున ఉన్న పాతది రాలిపోతుంది. ఎవరో పైన కూర్చుని ఉత్తుత్తి ఫాల్ట్‌లు పంపిస్తున్నారు, ఒకదాని వెనక ఒకటి. పది పంపితే ఎవరీస్తో చావు దీని కడుపులోంచి తుడిచిపెట్టుకుపోతుంది. లెయొబార్దో ఎదురుగానే ఉన్నాడు, ఖాళీ చేతులతో, నోరు తెరుచుకుని.

“తీగ లాగెయ్యండి!” అన్నాడు కిరోగా.

ఆమె చెయ్యి అప్పటికే తీగ మీద ఉంది. లాగబోయి ఆగిపోయింది. ఆ తీగ మూడు డ్రైవ్‌లకీ ఒకటే. లాగితే మూడూ మాట తెగిపోయిందని ఫాల్ట్ కొట్టి మోటార్లని వదిలేస్తాయి. మూడోది చెయ్యిని వదిలేస్తుంది. అప్పుడు నాలుగు వందల కిలోలనీ పట్టుకోవాల్సింది ఆ అరిగిపోయిన బ్రేకే. దాని కింద ఫెర్మిన్ కమ్మీకి కట్టేసి ఉన్నాడు. మెయిన్ ఆపినా అంతే.

“సంకెల విప్పండి! ముందు అతన్ని బయటికి తీయండి!”

కానిస్టేబులు జేబులు తడుముకున్నాడు. మూడో ఎఫ్ తొంభై పడింది.

“తాళంచెవి ఏదిరా!” అరిచాడు కిరోగా.

“జీపులో ఉందేమో సార్...”

“పరిగెత్తు!”

నాలుగోది. కానిస్టేబులు బూట్లు షెడ్డు గచ్చు మీద దూరమయ్యాయి. ఫెర్మిన్ పైకి చూశాడు. అంతా విన్నాడు, అంతా అర్థమైంది అతనికి. “లాగెయ్యండి మేస్త్రమ్మా! అది పోతే నాకింకేం మిగలదు. నేను పక్కకి ఒరుగుతాను, లాగెయ్యండి!”

“ఎక్కడికి ఒరుగుతావురా, చెయ్యి కట్టేసి ఉంటే!” అరిచింది ఆమె. అయిదోది. “కమాండరు గారూ, ఫొటో తీయండి! ఫోన్ మీ ఒక్కరి దగ్గరే ఉంది. ఈ మీట నొక్కుతూ పోతే కిందికి దిగుతుంది. ఎఫ్ నలభై మూడు, తీగ ద్వారా అని ఉన్న వరుస. అదొక్కటి చాలు!”

కిరోగా ఫోన్ తీసి తెరకి ఎదురుగా పట్టుకున్నాడు. ఆమె అతన్ని అక్కడ వదిలి జాలీలోకి దూరింది. రెండు చేతులతో సంకెల కొసని పట్టుకుని, కమ్మీ అతుకు ఊడుతుందేమోనని గుంజింది. ఊడలేదు. ఫెర్మిన్ ఆమెని భుజంతో బయటికి నెడుతున్నాడు. “మీరు బయటికి పొండి అమ్మా,” అంటున్నాడు, “మీరెందుకు...” ఆమె వినలేదు. బూట్లు తిరిగొచ్చాయి. తాళంచెవి రెండుసార్లు జారింది. మూడోసారికి సంకెల తెరుచుకుంది. ఆమె ఫెర్మిన్‌ని జబ్బ పట్టి బయటికి ఈడ్చి, ఒక్క అంగలో ప్యానెల్ చేరి తీగ లాగేసింది.

గుండెలదిరే చప్పుడుతో ఇనుప చెయ్యి నేల మీద పడింది. గచ్చు పెచ్చులు వాళ్ళ కాళ్ళ దాకా ఎగిరాయి. కానిస్టేబులు సిలువ గుర్తు వేసుకున్నాడు.

ఒతీలియా తెర వైపు తిరిగింది. ఒకటి నుంచి పది దాకా మీట నొక్కుతూ పోయింది. తీగ తెగిందన్న వరుస ఒకటి, మిగతావన్నీ ఎఫ్ తొంభై. పాత మాట ఒక్కటీ మిగల్లేదు.

“ఫొటో చూపించండి.”

కిరోగా ఫోన్ జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు. “ఏ ఫొటో?”

“ఇప్పుడు మీరు తీసింది!”

“చెయ్యి వణికింది దోన్యా. పడలేదు.”

ఆమె అతని చేతి వైపు చూసింది. అది రాయిలా నిలకడగా ఉంది.

లెయొబార్దో ఆమె పక్కకి జరిగాడు. పెదవులు కదలకుండా, ఆమెకి మాత్రమే వినపడేట్టు అన్నాడు. “పై ఆఫీసు తాళం కమాండరే తీసుకున్నాడు మేడమ్. ఇవాళ పొద్దున ఆరింటికి. తన మనిషినొకణ్ణి లోపల కూర్చోబెట్టాడు. నాకు పిల్లలున్నారు...”

ఒతీలియా నోరు తెరిచేలోపే కిరోగా వాళ్ళ మధ్యకి వచ్చి నిలబడ్డాడు. గొంతు మెత్తగా ఉంది, అది అతని అరుపుకన్నా భయంగా ఉంది.

“ఇంజనీరు గారూ, సాక్ష్యం మొత్తం చెడిపోయింది. చెడిపోయినప్పుడు ఆ మీటల మీద వేళ్ళు ఎవరివో మనందరం చూశాం. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. కానిస్టేబులు రాసుకుంటాడు, గట్టిగా చెప్పండి. పై ఆఫీసు తాళం ఇవాళ పొద్దున మీరు ఎవరికిచ్చారు?”

కానిస్టేబులు పుస్తకం తెరిచాడు. లెయొబార్దో కమాండరు జేబు వైపు చూశాడు, పడి ఉన్న ఇనుప చెయ్యి వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా వేలెత్తి ఒతీలియాని చూపించాడు.

“ఈమెకి,” అన్నాడు.